వేడినీటి తొట్టె చెప్పిన పాఠం

ఏటా డిసెంబరు 14న జాతీయ ఇంధన పరిరక్షణ దినోత్సవాన్ని జరుపుకుంటున్నాము. ఆ సందర్భానికి తగినదని భావించి, సచిన్‌లో మాకు కలిగిన ఒక అనుభవాన్ని పాఠకులతో పంచుకుంటున్నాము.

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న సచిన్ పూర్వం సిద్దీ నవాబుల సంస్థానం. నేడు అది పెద్ద పారిశ్రామిక వాడ. తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్లిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా సూరత్ ప్రాంతంలో స్థిరపడి ఉన్నాయి. కొంతకాలం క్రితం పని మీద అక్కడికి వెళ్లినప్పుడు, ఒక చిన్న కర్మాగారంలో ఫిట్టరుగా ఉన్న కరీంనగర్ యువకుడు మమ్ములను ఇలా అడిగాడు:

“సార్, మా ఉడుకునీళ్ల తొట్టిల కింది నుంచి గాలి కొడ్తం. నీళ్లు జల్ది సల్లారుతున్నయ్. ఆ గాలికి హీటర్ పెడ్తే సరిపోదా?”

“తప్పక సరిపోతుంది” అన్నాము. యజమాని హీటరు కొనడానికి అప్పుడే సిద్ధపడ్డాడు. ఇంధనపు ఖర్చు మీదనే ఆ కర్మాగారం మనుగడ, అందరి జీతాలు ఆధారపడి ఉన్నాయి.

ఆ రాత్రి కాగితం తీసుకొని లెక్క వేశాము. తొట్టెలో నీరు 60 డిగ్రీలు, బయటి గాలి 30 డిగ్రీలు, గాలిలో తేమ 70 శాతం అనుకుందాము. ఒక కిలో గాలిని 60 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 30 కిలోజౌళ్లు చాలు. కాని అదే గాలి నీటిలో నుండి బుడగలుగా పైకి వచ్చేసరికి సుమారు 130 గ్రాముల ఆవిరిని అదనంగా మోసుకుపోతుంది. ఆ ఆవిరికి 310 కిలోజౌళ్లు కావాలి. అనగా అసలు నష్టం గాలి చల్లదనం వల్ల కాదు, ఆవిరి వల్ల. పైగా హీటరుకయ్యే విద్యుత్తు కూడా ఖర్చే కదా!

మన ఇళ్లలోని మట్టి కూజాయే ఇందుకు నిదర్శనం. మే నెల వడగాలిలో ఉంచినా దానిలోని నీరు చల్లబడుతుంది. గాలి వేడిగా ఉన్నా, పొడిగా ఉన్నంతకాలం ఆవిరిని లాగుతూనే ఉంటుంది.

మరునాడు ఉదయమే వెళ్లి, మా మాట తొందరపాటని ఒప్పుకున్నాము. తొట్టెకు మూత బిగించమని, అవసరమైనప్పుడే గాలి నడపమని, మూత కింది తడిగాలినే తిరిగి బ్లోయరుకు మళ్లించమని సూచించాము. అప్పటికే ఆవిరితో నిండిన గాలి మరింత ఆవిరిని తీసుకోజాలదు. అయితే అందుకు వేడిని, తేమను తట్టుకొనే బ్లోయరు ఉండాలి. ఇది మంచినీటి తొట్టెలకే తగును. రసాయనాలు కలిసిన ఆవిర్లు బయటికే పోవాలి.

“అయితే హీటర్ పైసలు మిగిలినట్టే సార్” అని ఆ యువకుడు నవ్వాడు.

హోటళ్లలోని బుడగల స్నానపు తొట్టెకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. 40 డిగ్రీల నీటిలో సైతం ఆవిరి ద్వారా పోయే వేడి, గాలిని వెచ్చబరచడానికి పోయే వేడికి సుమారు ఏడు రెట్లు. ఇంట్లో స్నానానికి నీళ్లు కాచే గృహిణులకు ఈ సంగతి ముందే తెలుసు. వారు గిన్నె మీద మూత పెడతారు. ఇంజనీర్లమైన మేము మాత్రం దానిని సచిన్‌లో నేర్చుకున్నాము.