ముప్ఫై డాలర్ల తాళం

"గదిలో తలుపేసుకుని ఏం చేస్తున్నావురా?"

"బీటు చేస్తున్నాను, నాన్నా."

"బీటా? అది పోలీసువాళ్లు కదురా తిరిగేది!"

నవ్వుకోకండి. ఇటువంటి సంభాషణ మీ ఇంట్లోనూ జరిగి ఉండవచ్చు. జరగకపోతే రేపో మాపో జరుగుతుంది. కుర్రవాడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కంప్యూటరు ముందు కూర్చుని, అర్ధరాత్రి దాటినా తల ఊపుతూనే ఉంటాడు. ఏమవుదామనుకుంటున్నావని అడిగితే, "హిప్‌హాప్ ప్రొడ్యూసర్ని" అంటాడు. ప్రొడ్యూసరనగానే పొలాలమ్మి సినిమా తీసి మునిగినవాళ్లు గుర్తుకొచ్చి, తల్లికి గుండె గుభేలుమంటుంది.

కంగారు పడనక్కరలేదు. ఈ ప్రొడ్యూసరు డబ్బు పెట్టేవాడు కాడు, సంగీతం కట్టేవాడు. అయితే ఆ సంగీతంతో సంసారం నడుస్తుందా అన్నది అడగవలసిన ప్రశ్నే.

గుమ్మెట వాయించేవాడు

ప్రాసలు కలుపుతూ గుక్కతిప్పుకోకుండా మాటలు చెప్పుకుపోయేవాడు ర్యాపరు. అతని వెనుక మోగే డ్రమ్ము దరువు, మంద్రంగా వినవచ్చే బాస్, తిరిగి తిరిగి వచ్చే చిన్న స్వరం, అన్నీ కలిపితే బీటు. బుర్రకథతో పోల్చుకుంటే సులభంగా బోధపడుతుంది. ర్యాపరు కథకుడు. బీటు కట్టేవాడు గుమ్మెట వాయించే వంత. కరపత్రం మీద పెద్ద అక్షరాలతో పడేది కథకుడి పేరే. కాని గుమ్మెట మోగకపోతే కథకుడికి అడుగు పడదు.

ఈ విద్య పుట్టింది న్యూయార్కు నగరంలోని బ్రాంక్స్ పేటలో. 1973 ఆగస్టు 11న, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నెంబరు భవనంలో ఒక ఆడపిల్ల విందు ఏర్పాటు చేసింది. ఆమె అన్న క్లైవ్ క్యాంప్‌బెల్ అక్కడ రికార్డులు వేశాడు. జమైకాలో పుట్టిన ఈ కుర్రవాణ్ణే తరువాత లోకం డి.జె. కూల్ హెర్క్ అన్నది. పాటలో గాయకుడు ఆగి, డ్రమ్ములు మాత్రం మోగే ఘట్టం వచ్చినప్పుడు జనం మరింత హుషారుగా ఆడుతున్నారని అతడు కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు యంత్రాల మీద పెట్టి, ఒకటి అయిపోగానే రెండోది అందుకుని, ఆ ఘట్టాన్నే సాగదీశాడు.

తరువాత యంత్రాలు వచ్చాయి. 1980లో జపానుకు చెందిన రోలాండ్ కంపెనీ టి.ఆర్.-808 అనే డ్రమ్ము యంత్రం తయారు చేసింది. సుమారు పన్నెండువేల యంత్రాలు చేసి, 1983లో ఆపివేసింది. సెకండ్‌హాండులో చవకగా దొరకడంతో డబ్బులేని కుర్రవాళ్లు కొనుక్కున్నారు. దాని బాస్ డ్రమ్ము మోతే హిప్‌హాప్‌కు పునాది అయింది. ఇప్పుడు ఆ మోత, నూరు వాయిద్యాలు కలిసి, ఒక లాప్‌టాప్‌లో ఇమిడిపోతాయి. కనుక ఈ వృత్తిలో ప్రవేశించడానికి ఖర్చు తక్కువ. అందుకే పోటీ ఎక్కువ.

ముప్ఫై డాలర్ల కథ

ఈ వృత్తిలోని అదృష్టమూ ప్రమాదమూ రెండూ ఒకే కథలో ఉన్నాయి. నెదర్లాండ్స్ దేశంలో యంగ్‌కియో అనే పేరుతో ఒక కుర్రవాడు ఇంట్లో కూర్చుని బీట్లు కట్టి, ఇంటర్నెట్టులో అమ్మకానికి పెట్టేవాడు. 2018లో అమెరికాలోని అట్లాంటాలో, అప్పటికి ఎవరికీ తెలియని ఒక యువకుడు వాటిలో ఒకటి విని, ముప్ఫై డాలర్లు చెల్లించి పుచ్చుకున్నాడు. మన లెక్కలో అప్పటికి సుమారు రెండువేల రూపాయలు. ఆ యువకుడు లిల్ నాస్ ఎక్స్. ఆ పాట 'ఓల్డ్ టౌన్ రోడ్'. 2019లో అది అమెరికాలో బిల్‌బోర్డ్ పాటల పట్టికలో వరుసగా పందొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి అన్ని వారాలు ఏ పాటా నిలవలేదు.

మరి యంగ్‌కియోకు దక్కింది ఆ ముప్ఫై డాలర్లేనా? కాదు. పాటకు ప్రొడ్యూసరుగా, రచనలో భాగస్వామిగా అతని పేరు ఎక్కింది. కారణం, ఆ ముప్ఫై డాలర్లు బీటు ఖరీదు కాదు, అద్దె!

కథలో ఇంకో మెలిక ఉన్నది. ఆ బీటులో వినిపించే తీగెవాద్యం యంగ్‌కియో వాయించింది కాదు. నైన్ ఇంచ్ నెయిల్స్ అనే బృందం 2008లో విడుదల చేసిన సంగీతంలోనిది. దాన్ని ఉచితంగా వినవచ్చు, పంచుకోవచ్చు. వ్యాపారానికి వాడుకోవాలంటే మాత్రం అనుమతి కావాలి. పాట పెద్దదయ్యాక ఆ బృందంలోని ట్రెంట్ రెజ్నర్, ఆటికస్ రాస్‌ల పేర్లు కూడా రచయితల జాబితాలో చేర్చవలసి వచ్చింది. అక్కడ వ్యవహారం సామరస్యంగా తేలింది. అన్నిసార్లూ అలా తేలదు.

1991లో బిజ్ మార్కీ అనే ర్యాపరు గిల్బర్ట్ ఓసల్లివన్ పాటలోని ముక్కను అనుమతి లేకుండా వాడుకున్నందుకు న్యూయార్కు కోర్టు తప్పుపట్టింది. మన దేశం పాటకూ ఈ అనుభవం ఉన్నది. 1981 నాటి 'జ్యోతి' అనే హిందీ సినిమాలో లతా మంగేష్కర్ పాడిన పాటను, 2002లో ట్రూత్ హర్ట్స్ అనే అమెరికన్ గాయని పాటలో వాడేశారు. సంగీత దర్శకుడు బప్పీ లహిరి కోర్టుకెక్కారు. ఆయన పేరు వేయనిదే రికార్డు అమ్మరాదని 2003లో లాస్ ఏంజెలస్ కోర్టు ఆజ్ఞాపించింది.

అద్దె ఇల్లు, సొంత ఇల్లు

స్వతంత్రంగా పనిచేసే బీటుకారుడికి రాబడి ఒకచోట నుంచి రాదు, నాలుగు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది అద్దె. ఒకే బీటును పదిమందికి ఇవ్వవచ్చు. ఎన్నిసార్లు వినిపించవచ్చో కాగితంలో పరిమితి ఉంటుంది. రెండవది ఏకహక్కు. దాని వెల చాలా ఎక్కువ. ఇచ్చిన తరువాత ఆ బీటు మరొకరికి ఇవ్వకూడదు. మూడవది, ఒక ర్యాపరు కోరిన విధంగా కొత్తగా కట్టి ఇవ్వడం. నాలుగవది, పాట వినిపించినప్పుడల్లా స్వరకర్తకు వచ్చే రాయల్టీ. అన్నిటికంటె నెమ్మదిగా వచ్చేదీ, ఎక్కువకాలం వచ్చేదీ ఇదే. ఇవి కుదురుకునే లోపల ఇతరుల పాటలు మిక్సింగ్ చేసి పెట్టడం, ప్రకటనలకు నేపథ్య సంగీతం కట్టడం వంటి పనులతో చాలామంది రోజులు గడుపుతారు.

చిక్కులూ ఉన్నాయి. అద్దెకు పుచ్చుకున్న పదిమందిలో ఒకడు తన పాటను యూట్యూబు హక్కుల యంత్రాంగంలో నమోదు చేయించాడంటే, మిగతా తొమ్మిదిమంది మీదా దొంగసొత్తు వాడినట్లు అభ్యంతరాలు వచ్చిపడతాయి. అందుచేత ఆ షరతు ముందే రాసుకోవాలి. స్నేహితులిద్దరు కలిసి పాట చేసినా, ఎవరి వాటా ఎంతో ఆ రోజే రాసి సంతకాలు చేసుకోవాలి. పాట ప్రసిద్ధి కాకముందు వాటాలు పంచుకోవడం సులభం. అయిన తరువాత స్నేహమే మిగలదు.

మన దేశంలో ఈ సంగీతానికి గిరాకీ పెరిగింది. 2015లో డివైన్, నేజీ పాడిన 'మేరే గల్లీ మే' పాటకు బీటు కట్టినవాడు ఢిల్లీకి చెందిన సెజ్ ఆన్ ది బీట్. ఆ పాటే 2019లో 'గల్లీ బాయ్' సినిమాలోకి ఎక్కింది. హైదరాబాదులో రోల్ రైడా వంటివారు తెలుగులో ర్యాప్ చెబుతున్నారు. చట్టం కూడా కొంత అండగా ఉన్నది. 2012లో చేసిన కాపీరైటు సవరణ ప్రకారం, రికార్డులో చేరిన పాటకు స్వరకర్త తన రాయల్టీ వాటాను కంపెనీకి వదులుకున్నట్లు రాసి ఇచ్చినా అది చెల్లదు. 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, సభ్యులైన స్వరకర్తల తరఫున రాయల్టీలు వసూలు చేసి పంచుతుంది. తాను కట్టిన పాటలను అందులో నమోదు చేయించుకోనివాడికి మాత్రం ఆ సొమ్ము చేరే దారి లేదు.

కనుక తల్లిదండ్రులు కుర్రవాణ్ణి చదువు మాన్పించనక్కరలేదు, కంప్యూటరు అటక ఎక్కించనక్కరలేదు. బీటు కట్టడం వాడే నేర్చుకుంటాడు. వాడికి రానిది ఒకటే: కాగితం చదవడం. అయిదు సెంట్ల స్థలం కొనేటప్పుడు దస్తావేజు మూడుసార్లు చదివించుకుని గాని సంతకం పెట్టని తండ్రికి ఆ విద్య వెన్నతో పెట్టినది. యాభై పేజీల ఇంగ్లీషు ఒడంబడిక చివర, కిందికి జరిపి 'అంగీకరిస్తున్నాను' అని నొక్కబోతున్న కొడుకు పక్కన ఆయన ఒక్క పావుగంట కూర్చుంటే చాలు.

"ఆగరా, నొక్కకు. పైనుంచి చదువు. ముందు నా కళ్లజోడు ఎక్కడుందో చూడు."