ఓజోన్ కాలుష్యం - ఊపిరితిత్తుల కణాలలోని కొవ్వు పొరలు

వాయు కాలుష్యం అనగానే పొగ, ధూళి గుర్తుకు వస్తాయి. కంటికి కనిపించని ఓజోన్ ప్రస్తావన అంతగా రాదు. ఆకాశంలో ఎంతో ఎత్తున ఉండి అతినీలలోహిత కిరణాల నుండి రక్షణ కల్పించే ఈ వాయువే నేలమట్టంలో ఊపిరితిత్తులకు హానికరంగా పరిణమిస్తుంది. ఇది ఏ పొగగొట్టం నుండీ నేరుగా వెలువడదు. వాహనాలు, పరిశ్రమలు విడుదల చేసే నైట్రోజన్ ఆక్సైడ్లు, కర్బన ఆవిరులు ఎండలో చర్య జరపడం వలన ఏర్పడుతుంది. అందువల్లనే సాధారణంగా మధ్యాహ్న వేళ దీని స్థాయి హెచ్చుగా ఉంటుంది.

ప్రతి కణాన్నీ ఆవరించి ఉండే పొర ప్రధానంగా ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వు పదార్థాలతో రెండు వరుసలుగా నిర్మితమై ఉంటుంది. వీటిలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలలో ద్విబంధాలు ఉంటాయి. ఓజోన్ దాడి చేసేది వీటిపైనే. సంతృప్త ఆమ్లాలలో ద్విబంధాలు లేనందున అవి చాలావరకు తట్టుకుంటాయి. గాలి గదులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్‌లో అధిక భాగం ఇటువంటి సంతృప్త ఫాస్ఫోలిపిడ్ కావడం గమనార్హం.

ఓజోన్ అత్యంత చురుకైన వాయువు. శ్వాసనాళాలను కప్పి ఉన్న పలుచని ద్రవంలోనే అది చాలావరకు ఖర్చయిపోతుంది. మరి కణాలకు హాని ఎలా కలుగుతుంది? ద్విబంధాలు తెగినప్పుడు ఏర్పడే ఆల్డిహైడ్లు, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివే ఓజోన్ ప్రభావాన్ని లోపలి కణాలకు చేరవేస్తాయని అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు విలియం ప్రయర్ 1990వ దశకంలో వివరించారు. ఆ సంకేతంతో కణపొర నుండి అరాకిడోనిక్ ఆమ్లం విడుదలై, ప్రోస్టాగ్లాండిన్లుగా మారుతుంది. దగ్గు, ఛాతీలో నొప్పి, గట్టిగా ఊపిరి పీల్చలేకపోవడం వీటి ఫలితమే. ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకొనే ఇండోమెథాసిన్ మందును ముందుగా తీసుకొన్న వారిలో ఊపిరితిత్తుల సామర్థ్యం తక్కువగా తగ్గినట్లు ప్రయోగాలలో తేలింది.

కణపొరలో ఉండే విటమిన్-ఇ ఈ గొలుసు చర్యను అడ్డుకొంటుంది. ఆ విటమిన్ లోపించిన ఎలుకలు ఓజోన్‌ను తక్కువగా తట్టుకొన్నట్లు 1970వ దశకంలోనే వెల్లడైంది. మెక్సికో నగరంలో ఉబ్బసంతో బాధపడే బాలలకు విటమిన్-సి, విటమిన్-ఇ ఇచ్చి జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉన్నవారిలో కొంత మేలు కనిపించింది. అయితే దీనిని ఆధారం చేసుకొని మాత్రలు మింగమని గాని, అసంతృప్త కొవ్వులున్న వంటనూనెలు మానమని గాని చెప్పడం సరికాదు. కణపొరలు మృదువుగా పనిచేయడానికి ఆ కొవ్వులు అవసరం.

దేశంలో 2009లో నోటిఫై చేసిన ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో ఓజోన్ 8 గంటల సగటున 100, ఒక గంటకు 180 మైక్రోగ్రాములకు మించరాదు. రోజు మొత్తం సగటు తీసుకొంటే మధ్యాహ్నపు హెచ్చుదల మరుగున పడుతుంది. కనుక పాత్రికేయులు 8 గంటల అంకెను అడిగి తెలుసుకోవడం మంచిది. ఎండ తీవ్రంగా ఉండే రోజులలో పాఠశాలల ఆటల పోటీలను ఉదయం వేళకు మార్చడం అధికారులకు ఖర్చులేని పని.