బండి ఎత్తు తగ్గితే మలుపులో ఎందుకు తక్కువ ఒరుగుతుంది?

బిజినేపల్లిలో పల్లికాయ బస్తాలు ఎత్తుగా నింపుకున్న పికప్ మలుపు తిరిగితే బయటివైపుకు ఒరుగుతుంది. ఎందుకు? రోడ్డు టైర్లను మలుపు లోపలికి నెడుతుంది. పైనున్న బరువేమో తిన్నగా పోవాలని చూస్తుంది. బండి బరువంతా ఒకచోట ఉన్నట్టు పనిచేసే బిందువు, అంటే గరిమనాభి, ఎంత ఎత్తులో ఉంటే ఒరుగు అంత ఎక్కువ. అదే మలుపులో వేగం రెట్టింపైతే టైర్లను లోపలికి నెట్టే బలం నాలుగు రెట్లు!

అందుకే అమెరికాలో కొందరు పికప్‌ను కిందికి దింపుతారు. ముందు పొట్టి స్ప్రింగులు వేస్తారు. వెనక, కమాన్ పట్టీల కిందున్న ఇరుసును వాటి పైకి మారుస్తారు. నున్నటి రోడ్డుకు అది బాగుంటుంది. మన సరుకు బండ్లకు తగదు. బస్తాలు పడగానే ఇరుసు ఛాసిస్‌కు తగులుతుంది, చేను బాటలో బండి అడుగు గీసుకుంటుంది. పైగా కంపెనీ నిర్మాణాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. మీ ఇంట్లో పికప్ ఉంటే, బరువైన బస్తాలు అడుగున పేర్చమని, మలుపుకు ముందే వేగం తగ్గించమని నాన్నకు చెప్పండి.