మీటరు తలుపు, వెయ్యి మంది!

మొన్న మాఘమాసంలో మన్సూరాబాద్‌లో ఓ పెళ్లికి వెళ్లాను. ఫంక్షన్ హాల్ కిటకిట. ముహూర్తానికి ఇంకా గంటన్నర ఉంది. తోచక తలుపులు లెక్కపెట్టాను. నాలుగు! ఒకదాని ముందు ప్లాస్టిక్ కుర్చీల దొంతర, ఇంకోదాని ముందు ఐస్‌క్రీం స్టాల్, మూడోదానికి తాళం. మిగిలింది పన్నీరు చల్లుతున్న గుమ్మం. మూరతో కొలిస్తే మూడు మూరలు కూడా లేదు. జనం గుమిగూడే హాళ్లకు తలుపు కనీసం 2 మీటర్లుండాలన్నది జాతీయ భవన నిర్మాణ నియమావళి మాట. అంతమందీ ఒక్కసారిగా లేస్తే? ఆ లెక్కల వెంట పడితే ఎన్ని రికార్డులు దొరికాయో!

అత్యంత వేగం: 78 సెకన్లు! 2006 మార్చి 26, జర్మనీలోని హాంబర్గ్. ఎయిర్‌బస్ ఎ380 విమానం ఖాళీ చేసే పరీక్షలో 873 మంది. చీకటి చేశారు, 16 తలుపుల్లో 8 మూసేశారు. నిబంధన ప్రకారం గడువు 90 సెకన్లు. 12 సెకన్లు మిగిల్చి అందరూ కిందికి జారారు. సెకనుకు 11 మంది! దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో ఒక్క సిటీ బస్సు ఖాళీ కావడానికి పట్టే సమయంలో పదిహేడు బస్సుల జనం దిగినట్టు. ఒకరికి మాత్రం కాలు విరిగింది.

నిజం మంటల్లో మేటి: 2024 జనవరి 2, టోక్యో హనేడా విమానాశ్రయం. జపాన్ ఎయిర్‌లైన్స్ 516లో 379 మంది. ఎనిమిది తలుపుల్లో పనికొచ్చినవి మూడే. చివరి మనిషి దిగేసరికి 18 నిమిషాలు. అయినా అందరూ బతికారు. సామాన్లు వదిలేసి దిగడం అందుకు పెద్ద కారణమంటారు. మన రైళ్లలో సంచి కోసం వెనక్కి తిరిగే అలవాటు గుర్తొచ్చి కాస్త ఇబ్బంది పడ్డాను.

అత్యంత పాత కొలమానం: 1911 మే 9, ఎడిన్‌బరో ఎంపైర్ ప్యాలెస్ థియేటర్. వేదికపై మంటలు. తెర దించారు, వాద్యబృందం జాతీయగీతం అందుకుంది. పాటతోపాటే సుమారు 3,000 మంది ప్రేక్షకులు రెండున్నర నిమిషాల్లో బయటికి! వేదిక వెనకున్న 11 మంది మాత్రం దక్కలేదు. బ్రిటన్‌లో హాలు ఖాళీ చేయడానికి రెండున్నర నిమిషాలన్న లెక్క ఆ రాత్రిదే అంటారు.

కొలమానం కాదు గానీ, ఏర్పాటుగా అంతకన్నా పాతది రోమ్ కొలోసియం. క్రీ.శ. 80. చుట్టూ 80 కమానులు, వాటిలో 76కి అంకెలు. టికెట్టు మీదున్న అంకె చూసుకుని లోపలికి పోవడమే. 50,000 మందికి దారి చూపే ఏర్పాటు దాదాపు రెండు వేల ఏళ్ల నాడే!

అత్యంత చవకైన ప్రాణరక్షకుడు: తలుపు మీది అడ్డ కడ్డీ. ఒంటితో నెడితే చాలు, గడియ ఊడుతుంది. దీని వెనక రెండు ఘోరాలు. 1883లో ఇంగ్లండ్ సండర్‌లాండ్‌లోని విక్టోరియా హాల్లో బొమ్మల కోసం మెట్లు దిగిన పిల్లలు 183 మంది చనిపోయారు. కింద తలుపు ఒక్కో పిల్ల దూరేంత సందుతోనే గడియపడి ఉంది. 1903లో షికాగో ఇరోక్వా థియేటర్‌ మంటల్లో 602 మంది. ఆ ఆటకి వెళ్లాల్సిన కార్ల్ ప్రింజ్లర్ వెళ్లలేకపోయాడు. తర్వాత పట్టుబట్టి అలాంటి కడ్డీనే 1908 నాటికి అమ్మకానికి తెచ్చాడు.

అత్యంత ఇరుకు మన నగరంలోనే. 2025 మే 18, చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌస్. సొరంగంలాంటి 2 మీటర్ల ప్రవేశం, పైకి మీటరు మెట్లు, వేరే దారి లేదు. మంటల్లో 17 మంది పోయారు. ఇక్కడ పోలికలు వద్దు.

అత్యంత ఎత్తు: బుర్జ్ ఖలీఫా, 828 మీటర్లు. 20 మీటర్ల తాడిచెట్లు 41 ఒకదానిపై ఒకటి నిలబెట్టినంత! 160వ అంతస్తు దాకా 2,909 మెట్లు. అలిపిరి మెట్లకన్నా 641 తక్కువే, కానీ పొగలో గోవిందా అంటూ దిగేవి కావు. అందుకే మధ్యమధ్య ఆశ్రయ అంతస్తులు. జనం అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటారు.

అత్యంత వింత లెక్క: 2000లో నేచర్ పత్రికలో డిర్క్ హెల్బింగ్, ఇల్లెస్ ఫర్కాష్, టామాష్ విచెక్ అచ్చువేసినది. కంప్యూటర్‌లో 200 మంది, మీటరు తలుపు. సెకనుకు ఒకటిన్నర మీటరు దాకా తొందరపడితే లాభం. అది దాటితే తలుపు దగ్గర భుజాలు ఒకదానికొకటి ఒరుసుకుని గుంపు బిగుసుకుపోతుంది, బయటపడే సమయం పెరుగుతుంది. పరుగెత్తేకొద్దీ ఆలస్యం! తోపులాటలో ఒత్తిడి మీటరుకు 4,450 న్యూటన్ల దాకా చేరగలదట. ఆటోనగర్ వాళ్ల లెక్కలో చెప్పాలంటే మీటరు గోడ మీద తొమ్మిది సిమెంటు బస్తాల బరువు. ఇనుప కమ్మీ వంగుతుంది.

అత్యంత చిన్న పరీక్షార్థులు: క్యూబా చీమలు. 2005లో రెండు సమాన ద్వారాల గదిలో పెట్టారు. మామూలుగా రెండింటినీ వాడుకున్నాయి. వాసనతో బెదరగొట్టగానే ఎక్కువ భాగం ఒకే ద్వారం మీద పడ్డాయి, రెండోది ఖాళీగా ఉన్నా!

మన గడప దాటి రెండడుగులేస్తే ఎల్‌బీనగర్ మెట్రో, మియాపూర్ దాకా 29 కిలోమీటర్ల దారికి కొస. మెట్రోలకు ప్రపంచంలో చాలాచోట్ల వాడే కొలమానం: ప్లాట్‌ఫాం 4 నిమిషాల్లో ఖాళీ, 6 నిమిషాల్లో అందరూ సురక్షిత చోటికి. నిండు బండిలో వెయ్యి మంది అనుకోండి. సెకనుకు నలుగురికి పైనే. మీటరు మెట్ల వెడల్పుకి సెకనుకు ఒకరు చొప్పున నాలుగు మీటర్లకు పైగా మెట్లు కావాలి. కాగితం మీద గీసి చూడండి, బాగా పట్టుబడే లెక్క.

చివరికి మనవాళ్ల కిరీటం. 2009లో చత్తరాజ్, సైఫ్రీడ్, చక్రవర్తి ఒకే వరసలో నడిచే జనాన్ని కొలిచారు. కదలక నిలబడితే జర్మన్‌కి ఒంటి మందంతో సహా 36 సెంటీమీటర్లు కావాలి, భారతీయుడికి 22. అంటే జానెడు! జర్మన్‌కి జాన మీద మరో రెండు బెత్తెలు. వాళ్ల అంకెలతో తయారైన నమూనాని మన హాలుకి అలాగే తొడగడానికి లేదు. ఆ పెళ్లిలో భోజనాల వరసలో నా వెనకాయన పళ్లెం అంచు వీపుకి గుచ్చుకుంటూనే ఉంది, జానెడు కూడా లేదు.