నాంపల్లి ఎగ్జిబిషను - మన సంఘపు మిగులు

అబిడ్స్‌లో పనులు చూచుకొని నాంపల్లి ఎగ్జిబిషనుకు పోవు రైతులు దుకాణములు చూతురే గాని, దాని జమాఖర్చుల సంగతి అడుగరు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్సులో దీనిని చిన్నగా ప్రారంభించిరి. 1946లో నాంపల్లికి మారినది. మిగిలిన సొమ్ము పంచుకొనక విద్యాసంస్థలకు వెచ్చించుచున్నారు.

వ్యాపార కళాశాలలలో ఇట్టి కథను నిర్ణయము దగ్గర ఆపి, "అధ్యక్షుడవు నీవైతే ఏమి చేయుదువు?" అని అడిగి నాయకత్వము నేర్పుదురు. మీ ఉత్పత్తిదారుల సంఘములోను అడిగి చూడుడు. ధాన్యము అమ్మగా పది లక్షలు మిగిలినవనుకొనుడు. బోనసుగా పంచినచో, ధర పడిననాడు సరకు దాచుటకు గోదాము ఉండదు. గోదాము కట్టినచో, చేతిలో పైకము లేని చిన్నరైతు కళ్ళములోనే దళారికి అమ్ముకొనును. ముందు ఆ చిన్నరైతును మాట్లాడనిండు. అధ్యక్షుడు చివర మాట్లాడవలెను. లేనిచో అందరును ఆయన మాటకే తల యూపుదురు.