గోరంత జబ్బు – కొండంత మందు

కరీంనగర్‌ నుండి జగిత్యాలకు పోయే దారిలో, మల్యాల మండలం ముత్యంపేట చెంత కొండగట్టు ఉన్నది. అది ఆంజనేయస్వామి వెలసిన క్షేత్రం. హనుమంతుడు సంజీవని కొండను ఆకాశమార్గాన కొనిపోతుండగా ఒక ముక్క విరిగిపడినదనీ, అదే కొండగట్టు అయినదనీ స్థలపురాణం. రామాయణ యుద్ధంలో లక్ష్మణుడు నేలకొరిగినప్పుడు సుషేణుడు మూలికల కోసం హనుమంతుణ్ణి పంపినాడు. ఏది ఏ మూలికయో పోల్చుకోలేక హనుమంతుడు కొండనే పెకలించి తెచ్చినాడు. సుషేణుడు కావలసిన మూలికను మాత్రమే ఏరి, నూరి, లక్ష్మణునికి నస్యంగా ఇచ్చినాడు. కొండను మోసుకురావడం వీరుని పని. అందులోనుండి ఒక్క మూలికను ఎంచడం వైద్యుని పని.

ఈ ఎంపిక లోపించినప్పుడు వైద్యమే రోగికి భారమవుతుంది. రెండు రోజుల జలుబుకు ఐదారు రకాల గోలీలు, ఒక సూది, పైగా ఒక బలం మందు రాసిన చీటీలు అరుదు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో నైరోబీలో జరిపిన నిపుణుల సమావేశం ఔషధాల సక్రమ వినియోగానికి నాలుగు లక్షణాలు చెప్పినది. మందు రోగి అవసరానికి తగినదై ఉండాలి. మోతాదు ఆ రోగికి సరిపడాలి. తగినన్ని రోజులే వాడాలి. రోగికీ సమాజానికీ తక్కువ ఖర్చుతో లభించాలి. వీటిలో ఏది తప్పినా అది సక్రమమైన వైద్యం కాదు.

అధికంగా మందులు రాయడానికి కారణం ఒక్క వైద్యుని స్వార్థమే అనుకోవడం తొందరపాటు. మందుల కంపెనీల ప్రలోభం కొందరిని లొంగదీయవచ్చు. అందుకే కంపెనీలనుండి కానుకలు, విహారయాత్రలు స్వీకరించరాదని వైద్యుల వృత్తి నియమావళికి 2009లో సవరణ తెచ్చినారు. ఐతే వరుసలో పదులకొద్దీ రోగులు వేచి ఉండగా, మాటలతో నచ్చజెప్పడం కంటె మందు రాయడం వైద్యునికి తేలిక. మరోవైపు, సూది వేయని డాక్టరు డాక్టరే కాడని తలచే రోగులూ ఉన్నారు. అర్హత లేకుండా వైద్యం చేసేవారు ఈ నమ్మకం మీదనే బతుకుతున్నారు. ఈ విధంగా తప్పు ఇరువైపులా పెరుగుతుంది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఉత్తర తెలంగాణ పల్లెల్లో వేలాది స్త్రీలు పొద్దంతా వంగి కూర్చుండి బీడీలు చుడతారు. అటువంటి ఒక తల్లికి నడుము నొప్పి వచ్చినదనుకొందాం. నొప్పి గోలీతో కడుపులో మంట మొదలైతే, దానికి మరో గోలీ. కొన్ని నొప్పి మందులు ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి రక్తపోటును పెంచుతాయి. దానికి మూడవ గోలీ. రక్తపోటు మందులలో కొన్ని కాళ్లకు వాపు తెస్తాయి. అది కొత్త జబ్బనుకొని నాలుగవ గోలీ. ఒక గోలీ మరొక గోలీని పిలుచుకొన్నది. చివరకు భారమంతా మూత్రపిండాల మీద పడుతుంది. మొదటి గోలీని గురించి ఆనాడే ఎవరైనా అడిగి ఉంటే ఈ గొలుసు తెగిపోయేది.

యాంటీబయాటిక్‌ మందుల విషయంలో ఈ నష్టం ఇంటి గడప దాటుతుంది. అవి బాక్టీరియాను చంపగలవు. వైరస్‌ వలన వచ్చే జలుబుపై పనిచేయవు. అనవసరంగా వాడినకొద్దీ వాటికి లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్‌ ఫ్లెమింగ్‌ 1945లో నోబెల్‌ ప్రసంగంలోనే ఈ ప్రమాదాన్ని హెచ్చరించినాడు. మన దేశంలో 2014 మార్చి 1 నుండి కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను హెచ్‌-1 షెడ్యూలులో చేర్చి, వాటి అమ్మకాల వివరాలను దుకాణదారు మూడేళ్లపాటు భద్రపరచాలని నిర్దేశించినారు.

మరి రోగి చేయవలసినదేమి? వైద్యుణ్ణి అనుమానించడం కాదు, అడగడం. ఈ మందు దేనికి? ఎన్ని రోజులు? దీనివలన కలిగే ఇబ్బందులేవి? ఇది లేకుండా తగ్గదా? ఈ నాలుగు ప్రశ్నలు వినయంగా అడిగితే మంచి వైద్యుడు నొచ్చుకోడు. ఇంట్లో వాడుతున్న గోలీలన్నీ, ఇతర వైద్యులు రాసినవి సహా, ఒక సంచిలో తీసుకొనిపోయి చూపాలి. సంశయం తీరకుంటే మరొక అర్హుడైన వైద్యుని సలహా పొందవచ్చు. చదువుకొన్న బిడ్డలు అమ్మానాన్నల వెంట ఆసుపత్రికి పోయి ఈ ప్రశ్నలు అడగగలిగితే, ఆ చదువు సార్థకమవుతుంది.

ఐతే మందులు ఎక్కువయినాయని తలచి తమంతట తాము మానివేయడం మరింత ప్రమాదకరం. మూర్ఛ, రక్తపోటు, మానసిక వ్యాధుల మందులు, దీర్ఘకాలం వాడిన స్టెరాయిడ్లు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. మానసిక వ్యాధులతో బాధపడేవారిని కొండగట్టుకు తెచ్చి, స్వామి సన్నిధిలో ఉంచే ఆచారం ఉన్నది. నమ్మకం మనసుకు ఊరట. దానికోసం గోలీ మానవలసిన పని లేదు. తగ్గించవలసి వస్తే వైద్యుడే మెల్లమెల్లగా తగ్గించాలి.

అడిగే హక్కుకు చట్టం అండ కూడా ఉన్నది. మందులను హేతుబద్ధంగా రాయాలనీ, జెనరిక్‌ పేర్లతో రాయాలనీ 2002 నాటి వృత్తి నియమావళి చెబుతున్నది. ఆసుపత్రిలో చేరిన రోగి కోరితే చికిత్స పత్రాలు 72 గంటలలో ఇవ్వాలన్నదీ అందులోని నియమమే. వృత్తిధర్మం తప్పిన వైద్యునిపై రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు. రుసుము తీసుకొని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోనిదేనని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చినది.

ఫిర్యాదు చివరి మెట్టు. మొదటి మెట్టు సంభాషణ. రోగి సంకోచం విడిచి అడగాలి. వైద్యుడు విసుగు విడిచి చెప్పాలి. అప్పుడు కొండంత మందుల చీటీ ఒక్క మూలికకు దిగివస్తుంది. లక్ష్మణుణ్ణి లేపినది కొండ బరువు కాదు, సుషేణుని వివేకం.