అదృష్టాన్ని బట్టీపట్టిన మనిషి!

బుల్లితెర మీద అదృష్టపు ఆటలు మనకి కొత్తేమీ కాదు. 2005లో సోనీ చానల్లో మాధవన్ నవ్వుతూ 'డీల్ యా నో డీల్?' అని అడుగుతుంటే ఇళ్ళల్లో కూర్చున్న మనమంతా "వద్దయ్యా, ఒప్పుకోకు!" అని టీవీ ముందు అరిచినవాళ్ళమే. ఒక పెట్టెలో లక్షలు, పక్క పెట్టెలో చిల్లర! ఆ ఆటకి చదువుతో పని లేదు. అచ్చం మన వైకుంఠపాళే. నిచ్చెన దొరికితే పైకి, పాము మింగితే కిందికి!

మరి పాచిక ఎలా పడుతుందో ముందే తెలిసినవాడు ఒకడు ఆటకి కూర్చుంటే? కూర్చున్నాడు! అమెరికాలో, 1984లో. అతని పేరు మైకేల్ లార్సన్. ఊరు ఒహాయో రాష్ట్రంలోని లెబనాన్. వృత్తి... ఒకప్పుడు ఐస్ క్రీం బండి నడిపాడు. అప్పటికి అదీ లేదు!

వామీ వచ్చిందంటే గల్లంతే!

సి.బి.ఎస్. చానల్లో 1983 సెప్టెంబరులో 'ప్రెస్ యువర్ లక్' అనే ఆట మొదలైంది. నిర్వాహకుడు పీటర్ టొమార్కెన్. ఆటగాళ్ళు ముగ్గురు. ముందు కొన్ని ప్రశ్నలు. సరిగ్గా జవాబు చెప్పినవాళ్ళకి 'స్పిన్'లు దక్కుతాయి. అసలు మజా ఆ తర్వాతే. ఎదురుగా పెద్ద బోర్డు, చుట్టూ 18 గళ్ళు. ఒక దీపం ఈ గడి మీంచి ఆ గడి మీదికి టకటకా గెంతుతూ ఉంటుంది. ఆటగాడు "స్టాప్!" అని అరిచి మీట నొక్కాలి. దీపం డబ్బున్న గడి మీద ఆగితే డబ్బు, బహుమతి ఉన్న గడి మీద ఆగితే బహుమతి. కానీ 'వామీ' అనే ఎర్రటి బొమ్మ భూతం మీద ఆగిందా, అంతవరకూ గెలిచిందంతా హుష్ కాకి! నాలుగు వామీలు తగిలితే ఆటలోంచే అవుట్!

చూసేవాళ్ళందరికీ దీపం అడ్డదిడ్డంగా గెంతుతున్నట్టే ఉండేది. లార్సన్ కి అలా అనిపించలేదు. కార్యక్రమాలన్నీ వి.సి.ఆర్.లో రికార్డు చేసుకున్నాడు. బొమ్మని ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాడు. రోజుల తరబడి అదే పని. చివరికి గుట్టు దొరికింది. దీపం గెంతే వరసలు అయిదే అయిదు! అవే తిరిగి తిరిగి వస్తున్నాయి. పైగా నాలుగో గడిలోనూ ఎనిమిదో గడిలోనూ వామీ ఎప్పుడూ రాదు. అక్కడ వచ్చేది డబ్బూ, దాంతోపాటు రెండో రౌండులో ఇంకో స్పిన్నూ!

ఇంకేం? చేతిలో ఉన్న కాస్త డబ్బూ ఖర్చుపెట్టుకుని లాస్ ఏంజిలిస్ బయల్దేరాడు.

అదిగో... ఆగింది!

ఆ ఆట వీడియో నేను చూశాను. మొదటి స్పిన్ కే వామీ! కంగారుపడ్డాడో, వేలు తడబడిందో గాని, వెంటనే సర్దుకున్నాడు. రెండో రౌండులో చేతికి ఏడు స్పిన్లు వచ్చాయి. అక్కణ్ణించి చూడాలి తమాషా! మామూలు ఆటగాడు మీట నొక్కాక ఓ క్షణం బోర్డుకేసి బిక్కమొహం వేసుకుని చూస్తాడు. లార్సన్ మాత్రం నొక్కుతూనే గంతులేస్తున్నాడు. ఏం వచ్చిందో తనకి ముందే తెలుసుగా! టొమార్కెన్ మొహంలో నవ్వు ఆశ్చర్యంగా, ఆశ్చర్యం అయోమయంగా మారిపోవడం కెమెరా దాచలేకపోయింది. లక్ష డాలర్లు దాటాక "ఇక చాలు" అని మిగిలిన స్పిన్లు పక్కవాళ్ళకి వదిలేశాడు. మొత్తం గెలుపు 1,10,237 డాలర్లు! ఒక్క భాగంలో పట్టక జూన్ 8న కొంతా, 11న కొంతా ప్రసారం చేశారు.

చానల్ పెద్దలు తలలు పట్టుకున్నారు. నిబంధనలన్నీ తిరగేశారు. బోర్డుని గమనించకూడదని ఎక్కడా లేదు! డబ్బు ఇవ్వక తప్పలేదు. ఆ తర్వాత వరసల సంఖ్య పెంచి 32 చేశారు. లార్సన్ ది మోసమా? నన్నడిగితే కాదంటాను. పాఠం అందరి ముందూ ఉంది, చదివింది మాత్రం అతనొక్కడే!

ఇంటి కంప్యూటర్లో అదృష్టం

1988లో గేమ్ టెక్ సంస్థ ఈ ఆటని ఇంటి కంప్యూటర్లలోకి తెచ్చింది. అప్పటికి టీవీ ఆటల్ని వీడియో గేములుగా మార్చడం జోరుగా సాగుతోంది. 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' ని కూడా 1988లోనే నింటెండో పెట్టెలో దింపారు. టీవీలో ఆ చక్రాన్ని చేత్తో తిప్పాలి, దాని బరువు తెలియాలి. గేములో ఒక మీట నొక్కితే సరి!

ఇక్కడే ఒక చమత్కారం ఉంది. కంప్యూటర్ కి తనంతట తాను అదృష్టాన్ని పుట్టించడం చేతకాదు. దానికి తెలిసింది లెక్క. ఒక అంకెతో మొదలుపెట్టి, సూత్రం ప్రకారం వరసగా అంకెలు తీస్తుంది. మొదటి అంకె అదే అయితే వరసా అదే. ఆ రోజుల్లో కమడోర్ 64 మీద బేసిక్ లో ప్రోగ్రాములు రాసిన కుర్రాళ్ళు ఈ వింత చూసే ఉంటారు. ఏ జాగ్రత్తా తీసుకోకపోతే, స్విచ్చి వేసినప్పుడల్లా అవే 'అదృష్టపు' అంకెలు అదే వరసలో వచ్చేవి! దీనికి విరుగుడు ఏమిటంటే, ఆడేవాడు మీట నొక్కిన క్షణంలో గడియారం ఎంత చూపిస్తోందో అక్కణ్ణించి లెక్క మొదలుపెట్టడం. అంటే యంత్రానికి అదృష్టాన్ని అప్పిచ్చేది మన వేలే! లార్సన్ గెలిచిందీ అందుకే. బోర్డు మారలేదు, అతని వేలు తడబడటం మానేసింది.

గేములో ఇంకో లోటు ఉంది. వామీ వచ్చినా మనకి పోయేదేమీ లేదు. మళ్ళీ మొదలుపెడితే సరిపోయె! గుండె దడ లేని జూదం ఉప్పులేని పప్పే.

కథ అక్కడితో ఆగలేదు

లార్సన్ కి మాత్రం నిజంగానే పోయింది. కొన్నాళ్ళకి ఓ రేడియో స్టేషన్ పోటీ పెట్టింది. తాము చెప్పే నంబరున్న డాలర్ నోటు తెచ్చినవాళ్ళకి 30 వేల డాలర్లు! లార్సన్ బ్యాంకులోంచి డబ్బంతా ఒక్కో డాలరు నోట్లుగా తెచ్చి, రాత్రింబవళ్ళు నంబర్లు వెతికాడు. దొరకలేదు. కొంత తిరిగి బ్యాంకులో వేశాడు. మిగతాది, వేలకు వేలు, ఇంట్లోనే ఉంచాడు. క్రిస్మస్ విందుకి వెళ్ళొచ్చేసరికి దొంగలు ఊడ్చుకుపోయారు. పాపం, ఈ వామీకి వరస లేదు! తర్వాత ఓ మోసపు వ్యవహారంలో ఇరుక్కుని సొంత రాష్ట్రం వదిలి పారిపోయాడు. 1999లో గొంతు కాన్సర్ తో ఫ్లోరిడాలో పోయాడు. వయసు 49.

ఇంత కథ సినిమావాళ్ళ కంట పడకుండా ఉంటుందా? 'ది లకియెస్ట్ మాన్ ఇన్ అమెరికా' పేరుతో 2024లో టొరొంటో చిత్రోత్సవంలో విడుదలైంది. లార్సన్ గా పాల్ వాల్టర్ హౌజర్, టొమార్కెన్ గా వాల్టన్ గాగిన్స్. ఈసారి ఇంట్లో అదృష్టపు ఆట ఆడుతూ పిల్లలు ఓడి ఏడిస్తే ఈ కథ చెప్పండి. గెలిచి ఎగిరితే తప్పకుండా చెప్పండి!